అసైలం ఇంటర్వ్యూ: కథ బట్టీ పట్టకండి, ఫైలు చదవండి

ఇంటర్వ్యూ లెటర్ వచ్చిందని ఎవరైనా చెప్పగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా పడే సలహా ఒకటుంది: "స్టోరీ బాగా ప్రాక్టీస్ చెయ్ అన్నా, ఎక్కడా తడబడకూడదు." అమెరికాలో అసైలం (సొంత దేశంలో హింస భయంతో అడిగే ఆశ్రయం) కోరే మనిషికి ఇంతకన్నా చెడ్డ సలహా దొరకదు. తడుముకోకుండా అప్పజెప్పే మనిషి మీదే ఆఫీసరుకి ముందు అనుమానం పుడుతుంది. నిజంగా దెబ్బలు తిన్నవాడు తేదీ దగ్గర ఆగుతాడు, వెనక్కి వెళ్తాడు, "కాదు కాదు, అది అంతకుముందు" అంటాడు. బట్టీ పట్టినవాడు మాత్రం మూడో పేరాలోంచి ఒక ప్రశ్న అడిగితే మళ్లీ మొదటి పేరా నుంచి అందుకోవాల్సి వస్తుంది.

నేను మాట్లాడుతున్నది యూఎస్‌సీఐఎస్ (అమెరికాలో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) అసైలం ఆఫీసులో జరిగే ఇంటర్వ్యూ గురించి. న్యూజెర్సీలో ఉంటే నూఆర్క్, బే ఏరియాలో ఉంటే శాన్ ఫ్రాన్సిస్కో, టెక్సాస్‌లో ఉంటే హ్యూస్టన్ ఆఫీసు. ఇమిగ్రేషన్ కోర్టులో జడ్జి ముందు నడిచే కేసు వేరు. అక్కడ ప్రభుత్వం తరఫున లాయరు ఎదురుగా నిలబడి క్రాస్ చేస్తాడు. అసైలం ఆఫీసులో ఎదుటి లాయరు ఉండడు. టేబులుకి అటు ఆఫీసరు, ఇటు మీరు, మీ ఇంటర్‌ప్రెటరు, ఉంటే మీ లాయరు. చూడ్డానికి మామూలు సంభాషణలా ఉంటుంది. మనవాళ్లు పొరపడేది అక్కడే.

మీరు గదిలోకి వెళ్లే సరికే ఆఫీసరు దగ్గర బోలెడు సమాచారం ఉంటుంది. అసైలం దరఖాస్తు అయిన ఐ-589 ఫారం, దానికి జతచేసిన డిక్లరేషన్ (మీకు జరిగింది మీరు రాసిచ్చిన వాంగ్మూలం) సరే. వాటితో పాటు మీరు దేశంలోకి ఎప్పుడెప్పుడు వచ్చారో, ఎప్పుడెప్పుడు వెళ్లారో చెప్పే రికార్డు, వేలిముద్రల ఫలితాలు, వీసా కోసం నింపిన డీఎస్-160 వివరాలు కూడా చూడగలరు. హైదరాబాద్ అమెరికా కాన్సులేట్‌లో, అంటే బేగంపేట పైగా ప్యాలెస్‌లోనో, 2023 తర్వాతైతే నానక్‌రామ్‌గూడలోనో వీసా ఇంటర్వ్యూలో మీరు చెప్పిన మాటలు నోట్స్‌గా మిగిలి ఉండొచ్చు. ఆ డీఎస్-160ని మనలో చాలామంది సొంతంగా నింపరు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ కుర్రాడు నింపుతాడు. పెళ్లయినా కాలేదని, ఉద్యోగం లేకపోయినా ఉందని, అమెరికాలో బంధువులున్నా ఎవరూ లేరని రాసేస్తాడు. ఐదేళ్ల తర్వాత అసైలం ఆఫీసరు అదే కాగితం ముందు పెట్టుకుని "అప్పుడు అలా ఎందుకు చెప్పారు?" అంటే, కన్సల్టెన్సీ మీద తోసేస్తే సరిపోదు. సబ్మిట్ నొక్కింది ఎవరైనా అది మీ పేరు మీద ఉన్న దరఖాస్తు. తప్పు ఎలా పడిందో, మీకు ఎప్పుడు తెలిసిందో, అసలు నిజమేమిటో మూడు ముక్కల్లో చెప్పడానికి సిద్ధంగా వెళ్లాలి.

ఇంత చిన్న విషయాలు ఎందుకు పట్టుకుంటారంటే చట్టమే పట్టుకోనిస్తుంది కాబట్టి. 2005లో వచ్చిన రియల్ ఐడీ చట్టం ప్రకారం మీ మాటలో, మీ కాగితంలో ఉన్న ఏ తేడానైనా లెక్కలోకి తీసుకోవచ్చు. అది మీ కేసు మూలానికి సంబంధించిన తేడానే అయ్యుండాలని లేదు. మీ మీద దాడి జరిగిందన్న విషయంలో తేడా లేకపోయినా, 2019లో మీరు ఏ ఇంట్లో అద్దెకున్నారన్న దగ్గర తేడా వస్తే అదీ రాసుకుంటారు. అన్నీ కలిపి మొత్తంగా చూసి నమ్మాలా వద్దా అని తేల్చాలన్న మాట కూడా ఆ చట్టంలోనే ఉంది, నిజమే. కానీ మొత్తంగా చూసేది మీరు కాదు, ఆఫీసరు.

అందుకే ప్రిపరేషన్ అనేది ఇంటర్వ్యూ లెటర్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు. 2018 జనవరి 29 నుంచి అసైలం ఆఫీసులు కొత్త దరఖాస్తులను ముందుగా పిలవడం మళ్లీ మొదలుపెట్టాయి. 2024లో పాత కేసులకి కూడా కొందరు ఆఫీసర్లను కేటాయించారు. దాని ఫలితం విచిత్రంగా ఉంది: ఒకరు దరఖాస్తు వేసిన కొన్ని వారాలకే లెటరు అందుకుంటారు, పక్కింటాయన ఏడెనిమిదేళ్లుగా ఎదురుచూస్తుంటాడు. పెండింగ్ కేసులు 10 లక్షలు ఎప్పుడో దాటాయి. "ముందు ఫారం వేసేద్దాం, డిక్లరేషన్ తర్వాత నింపుదాం" అనే పద్ధతి మొదటి రకం వాళ్లని ముంచుతుంది. రెండో రకం వాళ్లకి వేరే సమస్య: ఏడేళ్ల కిందట ఏం రాశారో వాళ్లకే గుర్తుండదు.

ఇక కేసు సంగతి. అసైలం కష్టాలన్నిటికీ మందు కాదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గానికి చెందినవాళ్లు కావడం: ఈ ఐదింటిలో ఒకటి మీకు జరిగిన హానికి ప్రధాన కారణాల్లో ఒకటై ఉండాలి. ఇంటర్వ్యూ అంతా తిరిగి తిరిగి ఆగేది "వాళ్లు మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారు?" అన్న ప్రశ్న దగ్గరే. పొలం గట్టు తగాదాలో పక్కవాడు కొట్టాడంటే అది పోలీసు కేసు, అసైలం కేసు కాదు. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని దున్నుకుంటున్న దళిత కుటుంబాన్ని కులం పేరు పెట్టి తిడుతూ, "మీకు భూమి ఎందుకురా" అంటూ కొట్టారనుకోండి, అప్పుడు లెక్క మారుతుంది. తగాదా భూమి మీదే అయినా కారణం కులం. ఈ తేడాని మీ నోటితో, మీరు విన్న మాటలతో చెప్పగలగాలి. ఎవరు ఏమన్నారు, ఏ మాట వాడారు, అక్కడ ఎవరున్నారు. "కులవివక్ష వల్ల" అని మూడు ముక్కల్లో తేల్చేస్తే ఆఫీసరు రాసుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక్కడే ఒక చేదు మాట చెప్పాలి. హెచ్-1బీ లాటరీలో మూడుసార్లు పేరు రాకపోతే "అసైలం వేసేయ్, వర్క్ పర్మిట్ వస్తుంది" అని చెప్పేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. అప్పులవాళ్ల బెదిరింపులూ, ఊళ్లో ఉద్యోగాలు లేకపోవడమూ ఐదు కారణాల్లో దేనికిందకీ రావు. కల్పించిన కథ అని తేలి, తెలిసే చేశారని తీర్పు వస్తే అమెరికా ఇమిగ్రేషన్ ప్రయోజనాలన్నీ దాదాపు శాశ్వతంగా మూసుకుపోతాయి. ఆ హెచ్చరిక ఐ-589 మీదే అచ్చయి ఉంటుంది, ఎవరూ చదవరు. స్టోరీ అమ్మేవాళ్లు ఒకే మూసలో పదిమందికి పోస్తారు. 2012లో న్యూయార్క్‌లో అలాంటి కథల కర్మాగారాలు నడిపిన లాయర్లనీ సిబ్బందినీ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు పట్టుకున్నారు. 2015లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఆర్-కె-కె అనే కేసులో ఒక భారతీయుడి స్టేట్‌మెంటు అతని సోదరుడి స్టేట్‌మెంటుకి భాషతో సహా దగ్గరగా ఉండడాన్ని నమ్మకపోవడానికి కారణంగా తీసుకోవచ్చంది. నిజమైన కేసున్న మనిషి కూడా టెంప్లేట్ కొనుక్కుంటే ఈ గుంటలోనే పడతాడు. నింపింది ఇంకెవరో అయితే ఫారంలోని ఇ భాగంలో ఆ మనిషి సంతకం పెట్టాలి. డబ్బు తీసుకుని సంతకం మాత్రం పెట్టనంటున్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఒక సంవత్సరం గడువు గురించి క్లుప్తంగా. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే హోదా) కాపాడుకున్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది: స్టేటస్ ఉన్నంతకాలం, అది పోయాక సహేతుకమైన కొద్దికాలంలో వేస్తే గడువు అడ్డం రాదు. ఆ "కొద్దికాలం" ఆరు నెలలు దాటితే సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి ఐ-20లు (కాలేజీ ఇచ్చేవి), ఓపీటీ కార్డు (చదువు తర్వాత పనికి అనుమతి), ఐ-797 కాగితాలు (యూఎస్‌సీఐఎస్ నోటీసులు) అన్నీ తేదీల వరసలో పెట్టుకుని, ఏ రోజు స్టేటస్ ముగిసిందో వేలు పెట్టి చూపించగలగాలి. ఇండియాలో ఈమధ్యే పరిస్థితి మారినందువల్ల భయం మొదలైతే అదింకో మినహాయింపు. అప్పుడు ఏ రోజు ఏ వార్త తెలిసిందన్నది ముఖ్యం.

ఇక అసలు పని. ఫారం ప్రింటు తీయండి. ప్రతి పెట్టె మీదా పెన్సిల్ పెట్టి ఆగండి. ఎ భాగంలో గత ఐదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు, చదువు, తల్లిదండ్రులు, తోబుట్టువులు. మనవాళ్లు ఇక్కడ నెలలు వదిలేస్తారు, లేదా లింక్డ్‌ఇన్‌లో ఒకటి, ఫారంలో ఇంకొకటి పెడతారు. బి భాగంలో అరెస్టు ప్రశ్న మరీ ప్రమాదం. మిమ్మల్ని గానీ మీ కుటుంబాన్ని గానీ ఎప్పుడైనా నిందితులుగా చేర్చారా, అరెస్టు చేశారా, నిర్బంధించారా, ప్రశ్నించారా అని ఒకే ప్రశ్నలో గుదిగుచ్చి అడుగుతారు. ఎస్ఐ స్టేషన్‌కి పిలిపించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేస్తే మన దృష్టిలో అది అరెస్టు కాదు. అందుకని "లేదు" అని టిక్కు పెడతారు. తర్వాత డిక్లరేషన్‌లో "స్టేషన్‌లో రోజంతా ఉంచి బెదిరించారు" అని రాస్తారు. ఒకే ఫైలులో రెండు మాటలు! నిర్బంధించడం, ప్రశ్నించడం రెండూ ఆ పెట్టెలోకే వస్తాయి, జవాబు "అవును."

తప్పులు కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఇంటర్వ్యూ మొదట్లోనే ఆఫీసరు ఫారంలో మార్పులేమైనా ఉన్నాయా అని అడుగుతారు, చివర్లో ఎఫ్ భాగంలో మీరు ప్రమాణం చేసి సంతకం పెడతారు. సవరణలన్నీ ఒక కాగితం మీద టైపు చేసి తీసుకెళ్లండి: పేజీ, ప్రశ్న నంబరు, ముందు రాసింది, సరైనది, తప్పు ఎందుకు పడింది. మీరే ముందు చెప్పిన తప్పుకీ, ఆఫీసరు పట్టుకున్న తప్పుకీ విలువలో చాలా తేడా ఉంటుంది.

తేదీల విషయానికొస్తే, మన జ్ఞాపకం క్యాలెండరులో ఉండదు. "సంక్రాంతి ముందు", "పంచాయతీ ఎన్నికల టైములో", "అమ్మ ఆపరేషన్ అయిన నెలలో" అని గుర్తుంటుంది. దాన్ని బలవంతంగా మార్చి 14 అని రాయడం పొరపాటు. ఆ పండగ ఆ ఏడాది ఏ తేదీన వచ్చిందో పంచాంగంలో చూసి, "2019 జనవరి రెండో వారం, సంక్రాంతికి నాలుగైదు రోజుల ముందు" అని రాస్తే అది నిజానికి దగ్గరగా ఉంటుంది, ఏ మూల నుంచి అడిగినా నిలబడుతుంది. కచ్చితమైన తేదీ ఆసుపత్రి కాగితం మీదో ఎఫ్ఐఆర్‌లోనో ఉంటే దాన్నే వాడాలి. ఇంకో మాయ అంకెల్లో ఉంది: మన 04/07/2019 జూలై 4, అమెరికా వాళ్లకి ఏప్రిల్ 7. అనువాదకుడు మార్చకుండా వదిలేస్తే మూడు నెలల తేడా పుట్టుకొస్తుంది. నెల పేరు అక్షరాల్లో రాయించండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో బడిలో చేర్చినప్పుడు వేయించిన పుట్టినరోజు, ఇంట్లో అందరికీ తెలిసిన అసలు పుట్టినరోజు వేరైతే, ఆ సంగతి ఫారంలోనే ఒక వాక్యంలో చెప్పేయాలి.

దీని కోసం ఒక పట్టిక వేసుకుంటే మంచిది. నాలుగు గడులు: ఎప్పుడు, ఏం జరిగింది, ఎవరెవరు, దానికి ఏ కాగితం ఉంది. నాలుగో గడి ఖాళీగా ఉన్న చోటల్లా "కాగితం ఎందుకు లేదు?" అన్న ప్రశ్న వస్తుందని అర్థం. ఈ పట్టిక ఇంట్లో వాడుకోవడానికే. దాన్ని కంఠస్థం చేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

మరి ప్రాక్టీసు వద్దా అంటే, కావాలి, కానీ వేరే రకంగా. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి మధ్యలోంచి అడగమనండి. డిక్లరేషన్‌లో "రాత్రి నలుగురు ఇంట్లోకి చొరబడి కొట్టారు" అని ఒక వాక్యం ఉంటే ఆఫీసరు ప్రశ్నలు ఇలా సాగుతాయి: అప్పుడు మీరు ఏ గదిలో ఉన్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు? తలుపు ఎవరు తీశారు? నలుగురని ఎలా తెలిసింది, కరెంటు ఉందా? వాళ్లలో మీకు ముందే తెలిసినవాళ్లు ఎవరు? ముందుగా ఎవరు మాట్లాడారు, ఏమన్నారు? దేనితో కొట్టారు, ఎక్కడ తగిలింది? ఎలా ఆగింది? వాళ్లు వెళ్లాక మీరు చేసిన మొదటి పని ఏమిటి? ఆసుపత్రికి ఎవరు, దేనిమీద తీసుకెళ్లారు? పోలీసులకి ఎప్పుడు చెప్పారు, వెంటనే ఎందుకు చెప్పలేదు? జరిగిన సంఘటన అయితే వీటిలో చాలావాటికి జవాబు దానంతటదే వస్తుంది, కొన్నిటికి రాదు. రాని చోట "గుర్తులేదు" అనడం జవాబే. "తెలియదు" వేరు, "గుర్తులేదు" వేరు. ఏది నిజమైతే అది అనాలి. ఊహించి చెప్పిన చిన్న వివరం మీ భార్య చెప్పిన దానితోనో, ఆసుపత్రి కాగితంతోనో తగువు పెట్టుకుంటుంది. తీవ్రమైన హింస అనుభవించినవాళ్లకి సంఘటనల వరస చెదిరిపోవడం వైద్యులు ఎరిగిన విషయమే. అలాంటప్పుడు ఇంటర్వ్యూకి ముందే సైకాలజిస్టు చేసిన మూల్యాంకనం ఫైలులో ఉంటే ఆ చెదరడానికి కారణం ఆఫీసరుకి ముందే తెలుస్తుంది.

ఇంటర్‌ప్రెటర్ దగ్గర మనవాళ్లు చూపించే నిర్లక్ష్యం అంతా ఇంతా కాదు. కోవిడ్ సమయంలో 2020 సెప్టెంబరు నుంచి ప్రభుత్వమే కొన్ని భాషలకి ఇంటర్‌ప్రెటర్లని ఇచ్చింది. 2023 సెప్టెంబరు 13 నుంచి మళ్లీ పాత నియమమే: మీరే తెచ్చుకోవాలి. 18 ఏళ్లు నిండి ఉండాలి. మీ లాయరు కాకూడదు, మీ సాక్షి కాకూడదు, భారత ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రతినిధి గానీ కాకూడదు. సరైన కారణం లేకుండా తీసుకెళ్లకపోతే మీరు రానట్టే లెక్కగట్టవచ్చు. చాలామంది ఇంగ్లిష్ వచ్చిన కజిన్‌ని తీసుకెళ్తారు. కజిన్‌కి కథ ముందే తెలుసు కాబట్టి మీరు చెప్పనిది కూడా కలిపి చెప్తాడు. అనువాదం సరిగ్గా ఉందో లేదో ఫోన్‌లో వినే మానిటర్ ఉంటే ఆ తేడా అక్కడికక్కడే దొరికిపోతుంది.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఎక్కడ జారుతుందో ముందే తెలుసుకోవాలి. "సర్పంచ్ గారు వచ్చారు, కొట్టారు" అంటే ఒక్క మనిషే. గౌరవం కోసం వాడిన బహువచనం ఇంగ్లిష్‌లో గుంపు అయిపోతుంది, ఒకడి దాడి సామూహిక దాడి అవుతుంది. కర్త లేకుండా "వచ్చారు, తలుపు పగలగొట్టారు, పోయారు" అనడం మనకి సహజం. ఆఫీసరుకి మాత్రం ఎవరు అన్నది తెలియదు. పెదనాన్న కొడుకుని అన్న అంటాం. ఫారంలో సొంత అన్నదమ్ములు ఎవరూ లేరని ఉంటుంది. దీనికి మందు ఒకటే: ప్రతి వాక్యంలో పేరు, అంకె, చుట్టరికం విడమరిచి చెప్పడం, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పి ఆగడం. ఆదిలాబాద్ మనిషి మాట గుంటూరు ఇంటర్‌ప్రెటర్‌కి అందకపోతే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడానికి ఇద్దరూ మొహమాటపడతారు. కాబట్టి ముందే ఒక గంట మామూలు విషయాలు మాట్లాడి చూసుకోండి.

ఇంకో సంగతి ఎవరూ పైకి అనరు. కుల హింస కేసుకి స్థానిక తెలుగు సంఘంలో పరిచయమైన పెద్దమనిషిని ఇంటర్‌ప్రెటర్‌గా తీసుకెళ్లడం సాహసం. ఆయన ఏ వర్గమో, తిట్టుని తిట్టుగా చెప్తాడో మెత్తబరిచి చెప్తాడో, బయటికొచ్చాక ఎవరితో అంటాడో తెలియదు. డబ్బిచ్చినా సరే, మీ సర్కిల్‌కి సంబంధం లేని వృత్తి ఇంటర్‌ప్రెటరే నయం. అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్లు ఇంగ్లిష్‌లోనే చెప్పుకోవచ్చు. ఏదో ఒకటే ఎంచుకోండి. సగం ప్రశ్నలకి ఇంటర్‌ప్రెటర్ మాట పూర్తి కాకముందే ఇంగ్లిష్‌లో జవాబిస్తే రికార్డు కలగాపులగం అవుతుంది.

కాగితాల విషయంలో మనవాళ్లకి ఒక అనుకూలత ఉంది. 2016లో భారత సుప్రీంకోర్టు ఎఫ్ఐఆర్‌లని పోలీసు వెబ్‌సైట్లలో పెట్టమంది, సున్నితమైన కేసులు మినహాయించి. కాబట్టి ఉన్న ఎఫ్ఐఆర్‌ని చాలావరకు తెప్పించుకోవచ్చు, దొంగ ఎఫ్ఐఆర్‌ని సరిచూడనూవచ్చు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీ సెక్షన్లుంటాయి, తర్వాత జరిగినదానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు. తయారు చేయించిన కాగితాలు ఇలాంటి చోటే బయటపడతాయి. దెబ్బలు తగిలి సర్కారు ఆసుపత్రికి వెళ్తే మెడికో లీగల్ కేసు రికార్డు ఉంటుంది, దాన్ని అడగాలి. కేసే నమోదు చేయకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఫిర్యాదు, దాని రసీదు కూడా విలువైనవే. ప్రతి తెలుగు కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం, తనకి రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని అనువాదకుడు రాసిన సంతకం ఉండాలి. నోటరీ ముద్ర దీనికి బదులు కాదు. అదనపు కాగితాలు ఇంటర్వ్యూకి కనీసం వారం ముందు ఆఫీసుకి చేరాలి. ఊరివాళ్ల ఉత్తరాలు ఐదు తెప్పిస్తే ఐదూ ఒకే చేతిరాతలో, ఒకే పేరాలతో ఉండడం మామూలు. అలాంటివి ఐదు పెట్టేకన్నా, కళ్లారా చూసిన ఒక్కరు తన మాటల్లో రాసి, ఆధార్ కాపీ జతచేసింది ఒకటి చాలు.

దేశ పరిస్థితుల కాగితాలు రెండు వైపులా కోస్తాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని ఆసుపత్రి బయట నరికి చంపారు. పరువు హత్య భయంతో అసైలం కోరే జంట ఆ వార్త జతచేయడం సహజం. కానీ 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఆ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. "చూడండి, ప్రభుత్వం శిక్షించింది కదా" అని ఆఫీసరు అనడానికి అవకాశం ఉన్నట్టే. హాని చేసేది ప్రభుత్వం కాకుండా బంధువులో, ఊరి పెత్తందార్లో అయినప్పుడు, పోలీసులు ఆపలేరనో ఆపరనో చూపించాలి. చంపేశాక శిక్ష పడటం వేరు, చంపకముందు కాపాడటం వేరు. మీరు రక్షణ అడిగితే ఏం జరిగిందో మీ సొంత కాగితాలతో చెప్పగలిగితే ఆ తీర్పు మీకు అడ్డం రాదు.

భారతీయుల కేసుల్లో ఎక్కువ కూలిపోయేది ఇంకో ప్రశ్న మీద: "ఇండియా అంత పెద్దది కదా, ఇంకో రాష్ట్రానికి వెళ్లి బతకొచ్చు కదా?" ఈ ప్రశ్న వస్తుందని రాసిపెట్టుకోండి. "ఎక్కడికెళ్లినా ఆధార్‌తో పట్టేస్తారు" అన్నది ఆఫీసర్లు విని విని ఉన్న జవాబు. ఉదాహరణకి, మీ పెళ్లిని ఒప్పుకోని మామగారికి ఆధార్ డేటా ఎలా అందుతుందో చెప్పలేకపోతే అది గాలిమాట. ఆయన అధికార పార్టీలో ఏ పదవిలో ఉన్నారు, ఆయన మనుషులు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారా, వస్తే ఎవరిని అడిగారు, అద్దె ఇంటికి పోలీసు వెరిఫికేషన్‌లో మీ సొంత ఊరి స్టేషన్‌కి కబురు వెళ్లిందా: ఇవి జవాబులు. ఇంకో ఊళ్లో కొన్నాళ్లు ఉండి చూసి ఉంటే అది దాచకండి. అక్కడ ఎన్నాళ్లున్నారు, ఎందుకు వదిలేశారన్నది మీ కేసుకి బలం అవ్వొచ్చు. అక్కడ ఏమీ జరగకపోతే ఆఫీసరుకి అదీ తెలుస్తుంది. హాని చేసేది ప్రభుత్వమే అయితే ఈ ప్రశ్న బరువు మారుతుంది. 2019లో అమెరికాలోని తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక భారతీయుడి కేసులో, వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చని పైపైన తేల్చేయకూడదు, ఆ మనిషి పరిస్థితిని విడిగా పరిశీలించాలని చెప్పింది. భయం ఎంత ఉండాలన్న దానికి 1987లో అమెరికా సుప్రీంకోర్టు పెట్టిన కొలత దరఖాస్తుదారుకి అనుకూలమే, హాని జరిగే అవకాశం పదింట ఒక వంతు ఉన్నా చాలవచ్చు. అయితే ఆ పదోవంతుకి ఆధారం కావాలి.

అసైలం వేశాక, లేదా వేయకముందు ప్రాణభయం ఉందన్న రోజుల్లోనే, చెల్లెలి పెళ్లికి ఇండియా వెళ్లొచ్చారా? కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నారా? రెండూ అడుగుతారు. దాచడం కుదరదు, ముద్రలు పాస్‌పోర్టులోనే ఉంటాయి. ఎన్ని రోజులున్నారు, ఎవరింట్లో ఉన్నారు, ఊళ్లోకి వెళ్లారా, బయట తిరిగారా అన్నవే జవాబుకి ప్రాణం. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఎలాంటిదో, అది ఎప్పుడు ముగిసిందో చూపించడానికి సిద్ధంగా ఉండాలి. మూడో దేశంలో శాశ్వతంగా స్థిరపడే హక్కు ఉందా అన్నది కూడా అసైలానికి ఒక అడ్డంకే.

ఇంటర్వ్యూ రోజు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. లెటరు, పాత కొత్త పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), పుట్టిన, పెళ్లి సర్టిఫికెట్ల అసలు కాపీలు, మొత్తం ఫైలుకి ఒక జిరాక్స్. దరఖాస్తులో చేర్చిన భార్య లేదా భర్త, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు వెంట రావాలి. రెండు గంటలూ పట్టొచ్చు, సగం రోజూ పట్టొచ్చు. చంటిపిల్లలకి పాలు, బిస్కెట్లు పెట్టుకోండి. లైంగిక హింస ఉన్న కేసుల్లో మహిళా ఆఫీసరు కావాలని ముందే అడగవచ్చు. భర్త ముందు చెప్పుకోలేనిది విడిగా మాట్లాడతానని అడగవచ్చు. మీరు చెప్పింది భారత ప్రభుత్వానికి చేరవేయకూడదన్న గోప్యత నియమం ఉంది, కాబట్టి "ఇది చెప్తే ఇంటికి తెలుస్తుందేమో" అని మింగేయకండి. వాయిదా అడిగితే ఆలస్యం మీ ఖాతాలో పడి వర్క్ పర్మిట్ రోజుల లెక్క ఆగిపోతుంది. నిజంగా ఒంట్లో బాగోకపోతే తప్ప అడగొద్దు.

ఫీజులూ పద్ధతులూ ఈమధ్య తరచూ మారుతున్నాయి. 2025 జూలైలో వచ్చిన చట్టం మొదటిసారి అసైలం దరఖాస్తుకి 100 డాలర్ల ఫీజు పెట్టింది, కేసు పెండింగ్‌లో ఉన్నంతకాలం ఏటా కట్టాల్సింది వేరే. అదే ఏడాది నవంబరు చివర్లో అసైలం నిర్ణయాలని నిలిపేస్తున్నట్టు యూఎస్‌సీఐఎస్ ప్రకటించింది. అందుకని యూట్యూబ్ వీడియో నమ్ముకోకుండా, ఆ వారం యూఎస్‌సీఐఎస్ సైటులో ఏముందో చూసుకుని అడుగు వేయాలి. ఇల్లు మారితే పది రోజుల్లోపు చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 వేయాలి, లేదంటే లెటరు పాత ఇంటికి వెళ్తుంది.

జవాబు ఎలా వస్తుందన్నది మీ స్టేటస్ మీద ఆధారపడుతుంది. చెల్లుబాటయ్యే స్టేటస్ ఉండి, ఆఫీసరు ఒప్పుకోకపోతే ముందు తిరస్కరించబోతున్నామన్న నోటీసు వస్తుంది, అందులో కారణాలుంటాయి, జవాబివ్వడానికి 16 రోజులే ఉంటాయి. స్టేటస్ లేకపోతే కేసు ఇమిగ్రేషన్ జడ్జికి వెళ్తుంది. అక్కడ కేసుని మొదటి నుంచి వింటారు గానీ, వెంట వెళ్లేది అదే ఐ-589, అదే డిక్లరేషన్. అసైలం ఆఫీసరు టైపు చేసుకున్న నోట్స్‌ని ప్రభుత్వ లాయరు మీ మీదే వాడొచ్చు. ఆ ఇంటర్వ్యూకి ఆడియో మీ చేతికి రాదు. కాబట్టి ఇంటర్వ్యూలో మీ లాయరు ప్రశ్న, జవాబు వరసగా రాసుకున్నారో లేదో బయటికొచ్చిన వెంటనే అడగండి. లాయరు లేకపోతే ఆ సాయంత్రమే కూర్చుని, గుర్తున్నంతవరకు ఏం అడిగారో, మీరేం చెప్పారో తారీఖు వేసి రాసి ఫైలులో పెట్టుకోండి.